వెయ్యి డాలర్ల లోపే ప్యాకార్డ్!

కార్ల కథ: 14వ భాగం

గత భాగంలో జనరల్ మోటార్స్ అధిపతి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ కట్టిన ధరల నిచ్చెన గురించి చెప్పుకున్నాం. అడుగున షెవ్రొలే, ఆపైన పాంటియాక్, ఓల్డ్స్‌మొబీల్, బ్యూక్, అన్నిటికీ పైన కాడిలాక్. జీతం పెరిగేకొద్దీ మనిషి ఒక్కో మెట్టూ ఎక్కుతాడు. ఏ మెట్టు మీద నిలబడ్డా అతని డబ్బు పడేది ఒకే గల్లాపెట్టెలో. నిచ్చెనతో తనకేం పని, తానుండేది మేడ మీదే కదా అనుకున్న ఒక కంపెనీ కథ ఈ భాగం. దాని పేరు ప్యాకార్డ్.

1934లో ప్యాకార్డ్ కారు కొనాలంటే కనీసం 2,350 డాలర్లు ఉండాలి. పన్నెండు సిలిండర్ల పెద్ద బండి కావాలంటే నాలుగు వేలకు అటూ ఇటూ. ఫోర్డ్ వీ-8 అప్పుడు దాదాపు 500 డాలర్లకే దొరికేది. అలాంటి ప్యాకార్డ్ 1935 జనవరి మొదటి వారంలో ఓ కొత్త మోడల్ ధర ప్రకటించింది: 980 డాలర్లు. అమెరికా కార్ల వ్యాపారంలో అంత పేరున్న కంపెనీ ఒక్క ఏడాదిలో అన్ని మెట్లు దిగిరావడం అంతకు ముందెవరూ చూడలేదు. ఆ దిగడం కంపెనీని బతికించిందా, చంపిందా అన్న వాదన కార్ల చరిత్రకారుల మధ్య నేటికీ నడుస్తూనే ఉంది.

దొరల బండి

కథ ఒహాయో రాష్ట్రంలోని వారెన్ అనే చిన్న పట్నంలో మొదలైంది. జేమ్స్ వార్డ్ ప్యాకార్డ్, విలియం డౌడ్ ప్యాకార్డ్ అన్నదమ్ములు. విద్యుత్ సామాన్ల తయారీ వాళ్ల వ్యాపారం. జేమ్స్ 1898లో క్లీవ్‌లాండ్‌కు చెందిన వింటన్ కంపెనీ కారు కొన్నాడు. అది మాటిమాటికీ మొరాయిస్తుంటే వెళ్లి ఫిర్యాదు చేశాడు. అంత తెలిసినవాడివైతే నువ్వే ఒకటి చేసుకోరాదా అని అలెగ్జాండర్ వింటన్ విసుక్కున్నాడట. జేమ్స్ ఆ మాటను పట్టించుకున్నాడు. 1899 నవంబర్‌లో మొదటి ప్యాకార్డ్ రోడ్డెక్కింది.

1903లో కంపెనీ డెట్రాయిట్‌కు మారింది. ఈస్ట్ గ్రాండ్ బూలవార్డ్ మీద దాని ఫ్యాక్టరీకి ఆల్బర్ట్ కాన్ నమూనాలు గీశాడు. అక్కడ 1905లో లేచిన పదో నంబరు భవనం ఇనుప కడ్డీల కాంక్రీటుతో కట్టిన తొలి కార్ల ఫ్యాక్టరీల్లో ఒకటి. 1915లో ప్యాకార్డ్ పన్నెండు సిలిండర్ల ట్విన్ సిక్స్ తెచ్చింది. పేటెంటు లాయరుగా జీవితం మొదలుపెట్టిన ఆల్వన్ మెకాలీ 1916లో కంపెనీ అధ్యక్షుడై, 1939 దాకా ఆ కుర్చీలో కొనసాగాడు. ప్యాకార్డ్ ప్రకటనల్లో గొప్పలు ఉండేవి కావు. ఈ కారు ఎలాంటిదో ఉన్నవాణ్ణే అడగండి అన్న ఒక్క వాక్యం చాలనుకునేవారు. రేడియేటర్ ఆకారం, చక్రాల మధ్య ఎర్రటి షట్కోణం ఏళ్ల తరబడి మారేవి కావు. దూరాన్నుంచి చూసినా ప్యాకార్డ్ వస్తోందని పిల్లలు కూడా గుర్తుపట్టేవారు.

1920ల రెండో సగంలో ఈ స్వతంత్ర కంపెనీ జనరల్ మోటార్స్ వారి కాడిలాక్‌ను కూడా అమ్మకాల్లో దాటేసింది. 1928లో దాదాపు 50 వేల కార్లు అమ్మింది. ఖరీదైన బండి అంటే ప్యాకార్డే అన్నట్టుండేది.

అంతస్తు మిగిలింది, ఆదాయం పోయింది

1929 అక్టోబర్‌లో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది. ఆ ఏడాది అమెరికాలో 44 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. 1932 వచ్చేసరికి ఆ లెక్క 11 లక్షలకు పడిపోయింది. ఖరీదైన కార్ల గతి ఇంకా అధ్వాన్నం. డబ్బు పోయినవాడు ఎలాగూ కొనడు. డబ్బున్నవాడు కూడా రొట్టె కోసం వీధి పొడవునా జనం బారులు తీరి నిలబడితే, వాళ్ల ముందు నుంచి పెద్ద కారులో వెళ్లడానికి వెనకాడాడు.

అమెరికాలో ఖరీదైన కార్లకు మూడు ‘పీ’లని పేరు: ప్యాకార్డ్, పియర్స్-యారో, పీర్‌లెస్. క్లీవ్‌లాండ్‌లోని పీర్‌లెస్ 1931లో కార్ల తయారీ మానేసింది. మద్యనిషేధం ఎత్తేశాక అదే ఫ్యాక్టరీలో బీరు కాచుకుంది. బఫెలో పట్నపు పియర్స్-యారో మాత్రం మెట్టు దిగనంది. 1933లో షికాగోలో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో పది వేల డాలర్ల సిల్వర్ యారో కారును నిలబెట్టింది. జనం విరగబడి చూశారు. తయారైనవి ఐదంటే ఐదే. పూట గడవకపోయినా మీసాలకు సంపెంగ నూనె అంటే ఇదే. 1938లో పియర్స్-యారో ఆస్తులు వేలానికొచ్చాయి. అప్పటికి డ్యూసెన్‌బర్గ్, స్టట్జ్, మార్మన్, ఫ్రాంక్లిన్ కూడా కనుమరుగయ్యాయి.

కాడిలాక్ వెనక షెవ్రొలే సంపాదన ఉంది. లింకన్ వెనక ఫోర్డ్ ఉంది. ప్యాకార్డ్ వెనక ఎవరూ లేరు. 1920ల్లో కూడబెట్టుకున్న డబ్బు మాత్రం ఉంది. 1934 మోడళ్లన్నీ కలిపినా తయారైన కార్లు ఎనిమిది వేల చుట్టూ తేలాయి. ఆ ఏడాది నష్టం 70 లక్షల డాలర్లు దాటింది. అలా ఇంకెన్నేళ్లో సాగదని మెకాలీకి అర్థమైంది.

ధర తగ్గింది, ఖర్చు తగ్గలేదు

దిగడానికి ప్యాకార్డ్ అంతకు ముందే ఒకసారి ప్రయత్నించి దెబ్బతింది. 1932లో ‘లైట్ ఎయిట్’ పేరుతో 1,750 డాలర్ల కారు తెచ్చింది. అదే కంపెనీ మామూలు ఎనిమిది సిలిండర్ల కారు ధర అప్పుడు దాదాపు 2,500. ఏడెనిమిది వందల తేడా అంటే ఆ రోజుల్లో ఇంకో చిన్న కారు ధర. బండి బాగుంది. చిక్కంతా ఆ బాగుండటంలోనే ఉంది. పెద్ద కారులో ఉన్న 320 ఘనపుటంగుళాల ఇంజనే ఇందులోనూ పెట్టారు. అదే ఫ్యాక్టరీలో, అవే చేతులతో, అదే నిదానంతో తయారుచేశారు. ధర తగ్గింది గానీ తయారీ ఖర్చు పెద్దగా తగ్గలేదు. పైగా పెద్ద కారు కొనడానికి వచ్చినవాడు పక్కనే నిలబెట్టిన ఈ కారు చూసి, ఇదే చాలులే అని కొనుక్కుపోయాడు. కొత్త కొనుగోలుదారుడు రాలేదు, పాతవాడు ఇచ్చే డబ్బు తగ్గింది. ఏడు వేలకు లోపే అమ్మి, ఒక్క సీజన్‌తో ఆ మోడల్‌కు స్వస్తి చెప్పారు.

ఖరీదైన సరుకు ధర తగ్గించే ప్రతి వ్యాపారికీ ఇందులో పాఠం ఉంది. ధర చీటీ మార్చినంత మాత్రాన సరుకు చవక కాదు. చవగ్గా అమ్మాలంటే గీత గీసే బల్ల దగ్గర్నుంచే చవగ్గా తయారయ్యేలా ఆలోచించాలి. అది ప్యాకార్డ్ ఇంజనీర్లకు అలవాటు లేని విద్య. ఇంత మంచి కారు తయారుచేస్తే ఎంతవుతుంది అని లెక్కగట్టడం వాళ్లకు వచ్చు. ఇంత ధరలో ఎంత మంచి కారు ఇవ్వగలం అని వెనక నుంచి లెక్కగట్టడం రాదు.

బయటి మనుషులు

అందుకని ఆ ఇంజనీర్ల గుంపుకు బయటి మనుషుల్ని తెచ్చుకున్నారు. న్యూయార్క్‌లో ప్యాకార్డ్ ట్రక్కులు అమ్ముతూ పైకొచ్చిన మ్యాక్స్ గిల్మన్ చేతికి కంపెనీ రోజువారీ పెత్తనం వచ్చింది. వేల సంఖ్యలో కార్లు తయారుచేయడం ఎలాగో తెలిసిన జార్జ్ క్రిస్టఫర్‌ను 1934లో జనరల్ మోటార్స్ మనుషుల్లోంచి పట్టుకొచ్చారు. ఫ్యాక్టరీలో కొంత భాగం ఖాళీ చేసి, కొత్త యంత్రాలు దించి, పూర్తిగా వేరే అసెంబ్లీ లైను వేశారు. అంతవరకూ తామే చేసుకునే విడిభాగాల్లో చాలావాటిని బయటి సరఫరాదారుల దగ్గర కొన్నారు. పెద్ద కార్ల పని మాత్రం పాత షెడ్లలో పాత పద్ధతిలోనే సాగింది. ఒకే ప్రహరీ లోపల రెండు కంపెనీలు పుట్టాయి.

కొత్త కారు పేరు ‘వన్ ట్వెంటీ’. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 120 అంగుళాలు, అంటే సరిగ్గా పది అడుగులు. ప్యాకార్డ్ పెద్ద బండ్లలో ఆ దూరం పన్నెండు అడుగుల దాకా వెళ్లేది. చిన్నదంటే అంత చిన్నది. ఇంజన్ కొత్తది. ఎనిమిది సిలిండర్లు ఒకే వరసలో, 257 ఘనపుటంగుళాలు, 110 హార్స్‌పవర్. ముందు చక్రాలకు దేని స్ప్రింగు దానికే ఉన్న ఇండిపెండెంట్ సస్పెన్షన్. నాలుగు చక్రాలకూ హైడ్రాలిక్ బ్రేకులు. ఈ రెండూ కంపెనీ పెద్ద కార్లకు 1937 దాకా రాలేదు. అంటే రెండేళ్లపాటు నాలుగు వేల డాలర్లు పోసి కొన్న ప్యాకార్డ్ కన్నా వెయ్యి డాలర్ల ప్యాకార్డే గతుకుల్ని బాగా తట్టుకుంది, దానికే మెరుగైన బ్రేకులున్నాయి. ఆ విషయం అప్పుడెవరికీ ఇబ్బందిగా తోచలేదు. తోచాల్సింది.

ధర 980 నుంచి 1,095 డాలర్ల దాకా ఉంది. అప్పటి బ్యూక్ చిన్న మోడళ్ల కన్నా కొంచెం ఎక్కువ. బ్యూక్ కొనబోయే ఇంటాయన ఇంకో వంద, రెండు వందలు సర్దుకుంటే తన వాకిట్లో ప్యాకార్డ్ నిలబడుతుంది. రేడియేటర్ అదే, షట్కోణం అదే, పేరు అదే. డాక్టర్లు, లాయర్లు, ఊళ్లో పెద్ద దుకాణదారులు ఏళ్లుగా ఆశగా చూసిన బండి తలుపు తట్టింది. 1935 మోడల్ 24,995 కార్లు తయారయ్యాయి. 1936లో ఆ సంఖ్య 55,042కు చేరింది. రెండేళ్ల కింద నష్టాల్లో కూరుకుపోయిన కంపెనీ 1936లో ఇంచుమించు 70 లక్షల డాలర్ల లాభం చూపించింది. అదే 1936లో ప్యాకార్డ్ పెద్ద కార్లన్నీ కలిపితే ఆరు వేలకు లోపే.

ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూస్తే, చవక కారు ప్యాకార్డ్‌ను చంపిందనే వాదన ఇక్కడే కుంటుతుంది. వన్ ట్వెంటీ లేకపోతే ప్యాకార్డ్ కథ కూడా పియర్స్-యారోలాగే 1938 నాటికి వేలంపాటలో ముగిసేది.

పక్కవాళ్లు ఎలా దిగారు?

మెట్టు దిగింది ప్యాకార్డ్ ఒక్కటే కాదు. అందరూ దిగారు. దిగిన తీరులోనే తేడా ఉంది.

కాడిలాక్ 1927లోనే తన కింద ‘లాసాల్’ అనే తమ్ముణ్ణి నిలబెట్టింది. దాని ఒంపుసొంపులు దిద్దినవాడు హార్లీ ఎర్ల్. కష్టకాలం ముదిరాక 1934లో లాసాల్‌లో కాడిలాక్ ఇంజన్ తీసేసి, ఓల్డ్స్‌మొబీల్ నుంచి వచ్చిన ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టి ధర కోశారు. అదే ఏడాది కాడిలాక్ పగ్గాలు పట్టిన నికొలస్ డ్రేస్టాట్ ఖర్చుల లెక్క తెలిసిన మనిషి. 1936లో కాడిలాక్ పేరుతోనే ‘సిరీస్ 60’ తెచ్చాడు. ధర 1,645 డాలర్ల నుంచి. కాడిలాక్ అమ్మకాల్లో సగం దాని నుంచే వచ్చాయి. గమనించాల్సింది ఏమిటంటే, కాడిలాక్ అన్న పేరు దిగింది గానీ వెయ్యి డాలర్లకు దిగలేదు. ఆ కిందిమెట్టు పని లాసాల్ చేసింది. 1937 లాసాల్ వెయ్యి డాలర్ల దరిదాపుల్లో మొదలై 32 వేలు తయారైంది. మాట పడాల్సి వస్తే లాసాల్ పడుతుంది. పని తీరాక 1940తో ఆ పేరుకు మంగళం పాడారు.

లింకన్‌లో ఎడ్సెల్ ఫోర్డ్ ఇంకో దారి పట్టాడు. 1935 చివర్లో ‘లింకన్-జెఫిర్’ వచ్చింది. 1,275 డాలర్ల ధరలో పన్నెండు సిలిండర్లు, గాలిని చీల్చుకుపోయే కొత్త రూపం. మొదటి ఏడాది దాదాపు 15 వేలు తయారైతే, పెద్ద లింకన్లు 1,500 చిల్లర. పేరు జంటగా ఉంది, కానీ ముఖం వేరు. పాత లింకన్‌ను, జెఫిర్‌ను ఎవరూ పొరబడే అవకాశం లేదు.

ప్యాకార్డ్‌కు వేరే పేరు పెట్టుకునే స్తోమత లేదనాలి. కొత్త పేరుకు జనంలో విలువ రావడానికి ఏళ్లు పడుతుంది, చేతిలో ఉన్నవి నెలలు. వన్ ట్వెంటీ అమ్ముడుపోయిందే ప్యాకార్డ్ అన్న పేరు మీద. కాబట్టి 1935లో ఆ నిర్ణయం తప్పు కాదు. తప్పులు ఆ తర్వాత వరసగా వచ్చాయి.

గీత చెరిగిపోయింది

1937లో ప్యాకార్డ్ ఇంకో మెట్టు దిగింది. ఆరు సిలిండర్ల ‘సిక్స్’, చక్రాల మధ్య దూరం 115 అంగుళాలు, ధర 795 డాలర్ల నుంచి. ఆ ఏడాది లెక్క చూడండి. సిక్స్ 65,400. వన్ ట్వెంటీ 50,100. పెద్ద బండ్లయిన సూపర్ ఎయిట్ 5,793, ట్వెల్వ్ 1,300. మొత్తం 1,22,593. కంపెనీ పుట్టాక అంత పెద్ద సంఖ్య ఎప్పుడూ చూడలేదు. వందలో తొంభై నాలుగు కార్లు చిన్నవే. ఫ్యాక్టరీలో, లెక్కల పుస్తకంలో, డీలర్ల మాటల్లో పెద్ద కారు ఒక తలనొప్పిగా మారింది. క్రిస్టఫర్‌కు ఆ కార్ల మీద ఎప్పుడూ మమకారం లేదు.

1938లో దేశం మళ్లీ మాంద్యంలో పడింది. ప్యాకార్డ్ తయారీ 55,718కి, అంటే సగానికన్నా తక్కువకు జారింది. చవక కార్లు కొనే మధ్యతరగతివాడు మొదట ఆపుకునే ఖర్చు కారు ఖర్చేనని అప్పుడు తెలిసింది. అదే ఏడాది వన్ ట్వెంటీ పేరు తీసేసి దానికి ‘ఎయిట్’ అని పెట్టారు. ఆ పేరు అంతకు ముందు రెండు వేల డాలర్లు దాటిన పెద్ద కారుది. మరుసటి ఏడు మళ్లీ పాత పేరే తగిలించారు. 1939లో సూపర్ ఎయిట్‌కు కూడా చిన్న కారు బాడీయే వచ్చింది. పన్నెండు సిలిండర్ల ట్వెల్వ్ ఆ ఏడాది 446 తయారై ఆగిపోయింది. ఇక పైనుంచి కింద దాకా ఒకే రూపు. కొంటే ఎందుకు ఎక్కువ పెట్టి కొనాలో చెప్పే కారు ఒక్కటీ మిగల్లేదు.

ఆ కాలంలో కాడిలాక్ ఏం చేసిందో చూస్తే తేడా అర్థమవుతుంది. 1938లో బిల్ మిచెల్ అనే కుర్ర డిజైనర్ గీసిన ‘సిక్స్‌టీ స్పెషల్’ వచ్చింది. ధర రెండు వేలకు పైనే. దాని రూపాన్ని మిగతా పరిశ్రమ ఏళ్లపాటు అనుకరించింది. కాడిలాక్ కొత్త ఆలోచనను పై అంతస్తులో పెట్టి కిందికి జారనిచ్చింది. ప్యాకార్డ్ కొత్త బ్రేకుల్ని, కొత్త సస్పెన్షన్‌ను కింది అంతస్తులో పెట్టి, పైకి రెండేళ్ల తర్వాత పంపింది.

యుద్ధకాలంలో ప్యాకార్డ్ రోల్స్-రాయిస్ మెర్లిన్ విమాన ఇంజన్లను 55 వేలకు పైగా తయారుచేసి, తన పనితనం ఎక్కడికీ పోలేదని నిరూపించుకుంది. యుద్ధం ముగిసేసరికి మళ్లీ గట్టి డబ్బు చేతిలో ఉంది. పై మెట్టుకు తిరిగి ఎక్కడానికి అదే అదను. అప్పటికి అధ్యక్షుడు క్రిస్టఫర్. అతని చూపు సంఖ్యల మీదే. ప్యాకార్డ్ ట్యాక్సీలు కూడా తయారుచేసింది. 1948 మోడల్ ఉబ్బిన ఆకారం చూసి జనం ‘గర్భిణి ఏనుగు’ అని వెక్కిరించారు. 1949లో కాడిలాక్ కొత్త ఓవర్‌హెడ్ వాల్వ్ వీ-8 ఇంజన్ దించింది. ప్యాకార్డ్‌కు వీ-8 రావడానికి 1955 దాకా పట్టింది. 1950లో కాడిలాక్ లక్ష కార్లు దాటితే, ప్యాకార్డ్ 42 వేల పైచిలుకు దగ్గర ఆగింది.

1952లో వచ్చిన కొత్త అధ్యక్షుడు జేమ్స్ నాన్స్ రోగాన్ని గుర్తుపట్టాడు. చవక కార్లను ‘క్లిప్పర్’ అని వేరుచేసి, ప్యాకార్డ్ పేరును పై బండ్లకే ఉంచాలన్నాడు. క్లిప్పర్ పూర్తిగా వేరే పేరుతో అమ్మకానికొచ్చింది 1956లో. లాసాల్‌తో కాడిలాక్ 1927లో చేసిన పని అది. 1954లో స్టూడిబేకర్ కార్ల కంపెనీతో కలిసిన ప్యాకార్డ్ అప్పటికే అప్పుల్లో మునిగింది. 1956 జూన్ 25న డెట్రాయిట్‌లో చివరి అసలు ప్యాకార్డ్ తయారైంది. ఆ తర్వాత రెండేళ్లు స్టూడిబేకర్ కార్లకే ప్యాకార్డ్ పేరు తగిలించి అమ్మి, 1958లో ఆ పేరునూ ఆపేశారు.

తీర్పు

ప్యాకార్డ్‌ను చంపింది 980 డాలర్ల ధర కాదు. ఆ ధర కంపెనీకి ఇరవై ఏళ్ల ఆయుష్షు పోసింది. కింది కారు అమ్ముడుపోయేది పై కారుకున్న పేరు వల్లేనని మరిచిపోవడం కంపెనీని చంపింది. 795 డాలర్లు ఇచ్చినవాడు కొన్నది ఆరు సిలిండర్లను కాదు, పన్నెండు సిలిండర్ల బండి తెచ్చిన గౌరవాన్ని. ఆ పన్నెండు సిలిండర్ల బండి మీద లాభం రాకపోయినా, అది కింది కార్లకు పెట్టుబడి. దాన్ని ఖర్చుల పద్దులో రాసుకున్న రోజునే అసలు నష్టం మొదలైంది.

ఈ లెక్క నేటికీ పాతబడలేదు. మన దేశంలో 2013లో మెర్సిడెస్ ఏ-క్లాస్, బీఎండబ్ల్యూ 1 సిరీస్ ఇరవై రెండు లక్షల రూపాయల లోపు ధరలతో వచ్చి, కొత్తగా డబ్బు చూస్తున్న కుర్రాళ్లకు ఆ పేర్లను అందుబాటులోకి తెచ్చాయి. 2022 మే నెలలో అదే మెర్సిడెస్ తన చిన్న కార్ల రకాల్ని ప్రపంచవ్యాప్తంగా ఏడు నుంచి నాలుగుకు తగ్గించి, డబ్బూ శ్రద్ధా పై బండ్ల మీద పెడతామని ప్రకటించింది. దిగడం ఎంత అవసరమో, ఎక్కడ ఆగాలో తెలియడం కూడా అంతే అవసరమని కార్ల వ్యాపారులు ఇప్పటికీ డబ్బు ఖర్చుపెట్టే నేర్చుకుంటున్నారు.

మెట్టు దిగి, పేరు పోగొట్టుకోకుండా నిలిచిన కారు ఒకటుంది. 1982 చివర్లో స్టుట్‌గార్ట్ నుంచి వచ్చిన మెర్సిడెస్ 190, జనం ముద్దుగా పిలుచుకున్న ‘బేబీ బెంజ్’. ప్యాకార్డ్ చేయలేని పని అది ఎలా చేసిందో వచ్చే భాగంలో చూద్దాం.

(సశేషం)